నలభై ఒకటో బిబ్‌కి టైమ్ లేదు

ఆ ఏడాది ఫిబ్రవరి చివరి శనివారం మా కొండ మీద పద్నాలుగేళ్ళ లోపు బాలికల జెయింట్ స్లాలమ్ రేసు, అంటే పాతిన కర్రల మధ్య వంపులు తిరుగుతూ మంచు కొండ దిగే స్కీ పోటీ, జరిగింది. దానికి నేను రేస్ అడ్మినిస్ట్రేటర్‌ని. న్యూజెర్సీ వాయవ్య మూలన, పార్సిప్పనీ నుంచి కార్‌లో గంట దూరంలో ఉన్న చిన్న స్కీ క్లబ్బు మాది. అప్పటికి ఎనిమిది చలికాలాలుగా అక్కడ జీతం మీద పనిచేస్తున్నాను.

రేస్ అడ్మినిస్ట్రేటర్ అంటే కొండ దిగే మనిషి కాదు, కొండ కింద గదిలో కాగితాలు చూసే మనిషి. ఎంట్రీలు తీసుకోవాలి. లైసెన్సులు సరిచూడాలి. డ్రా తీసి ఎవరి తర్వాత ఎవరు దిగాలో జాబితా అచ్చు వేయాలి. బిబ్‌లు, అంటే ఛాతీ మీద వేసుకునే నంబర్లు పంచాలి. కొండ మీద ఏ వాలంటీరు ఎక్కడ నిలబడాలో రాసిపెట్టాలి. సాయంత్రానికి ఫలితాల మీద సంతకాలు చేయించి పై ఆఫీసుకి పంపాలి. పెళ్ళికి ముందు కాకినాడలో ఒక కాలేజీ పరీక్షల విభాగంలో నాలుగేళ్ళు గుమాస్తాగా చేశాను కనుక ఈ పని నాకు కొత్తగా అనిపించలేదు. హాల్ టికెట్ బదులు బిబ్, ఇన్విజిలేటర్ బదులు గేట్ జడ్జి. గేట్ అంటే మంచులో పాతిన కర్రల జత. దిగేవాళ్ళు ప్రతి గేటులోంచీ వెళ్ళారా లేదా అని చూసి కార్డు మీద రాసేవాడు గేట్ జడ్జి.

ఇంటర్వ్యూలో నన్ను స్కీయింగ్ వచ్చా అని అడిగారు. రాదన్నాను, పరీక్ష పెట్టేవాళ్ళు పరీక్ష రాయనక్కర్లేదు కదా అన్నాను. నవ్వి ఉద్యోగం ఇచ్చారు. ఉద్యోగం వదిలే రోజుదాకా నేను స్కీలు కట్టుకోలేదు. దాని వల్ల పనికి లోటేమీ రాలేదనే ఇప్పటికీ నా నమ్మకం.

ఈ ఆట ఇక్కడ నిచ్చెనలా కట్టి ఉంటుంది. అన్నిటికంటే కింద క్లబ్బు. కొన్ని క్లబ్బులు కలిస్తే రాష్ట్ర కౌన్సిల్. కొన్ని రాష్ట్రాలు కలిస్తే ప్రాంతం. మాది తూర్పు ప్రాంతం. దాని పైన దేశం మొత్తానికి ఒక సంస్థ. పుట్టిన సంవత్సరాన్ని బట్టి పిల్లలకు రెండేళ్ళకొక తరగతి. రాష్ట్రంలో ముందు వరసలో నిలిచినవాళ్ళు ప్రాంతీయ పోటీలకు వెళ్తారు. ఆ శనివారం రేసు ఆ ఎంపిక కోసమే. ఒక్కొక్కరూ కొండ రెండుసార్లు దిగాలి, ఆ రెండు రన్‌ల టైమ్ కలిపి చూసి మొదటి పది మందిని తీసుకుంటారు.

ఈ కథలో ముఖ్యమైన మనిషి శ్రీధర్. కరీంనగర్ నుంచి వచ్చినవాడు, పార్సిప్పనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. అంతకు రెండు చలికాలాల ముందు, అక్టోబరులో అనుకుంటాను, క్లబ్బుకి ఫోన్ చేశాడు. నేను నా పేరు చెప్పగానే ఇంగ్లీషు ఆపేశాడు.

"మేడమ్, మీరు తెలుగా! మంచిగైంది. మా బిడ్డ స్కీ రేస్ చేస్త అంటుంది. ఏడ జాయిన్ కావాలె? ఎంట్రన్స్ టెస్ట్ లాంటిదేమన్న ఉంటదా?"

టెస్టు ఏదీ లేదని చెప్పాను. నీలం గుర్తున్న మధ్యరకం వాలు మీద అదుపు తప్పకుండా దిగగలిగితే చాలు. ముందు ఒక క్లబ్బులో చేర్చాలి. తర్వాత దేశ సంస్థ వెబ్‌సైట్‌లో పాప పేరున సభ్యత్వం తీసుకోవాలి, దాన్నే మేం లైసెన్స్ అంటాం. మొదటి ఏడాది మామూలు లైసెన్స్‌తో క్లబ్బుల మధ్య జరిగే చిన్న రేసుల్లో దిగితే సరిపోతుంది, ఎంపిక రేసులకు వచ్చినప్పుడు పై రకానికి మార్చుకోవచ్చు. చెవులు కూడా గట్టిగా కప్పే హెల్మెట్ కొనాలి, మెత్తటి చెవులున్నది జెయింట్ స్లాలమ్‌కి పనికిరాదు. ఇవన్నీ విన్నాక అతను, "అంతేనా మేడమ్?" అన్నాడు.

"ఇంకొకటుంది. మీరు కూడా పని చేయాలి," అన్నాను.

అది చాలామందికి తెలియని సంగతి. ఈ రేసులు నడిచేది తల్లిదండ్రుల చేతుల మీదే. ప్రతి కుటుంబం సీజన్‌లో కొన్ని రోజులు గేట్ జడ్జిగానో, మంచు చదును చేసే జట్టులోనో, టైమింగ్‌లోనో నిలబడాలి. పిల్లల దగ్గర పనిచేసే పెద్దవాళ్ళందరికీ గతం విచారించి అనుమతి ఇస్తారు, ఒకరోజు క్లాసు పెట్టి చిన్న పరీక్ష కూడా రాయిస్తారు. శ్రీధర్ కూతుర్ని మా క్లబ్బులోనే చేర్చి, ఆ పరీక్ష పాసై హ్యాండ్ టైమింగ్ ఎంచుకున్నాడు. మనిషి దానికి సరిగ్గా సరిపోయాడు. రెండు మూడు రేసుల్లో అతని షీటు చూశాను. ఒక్క దిద్దుబాటు లేదు, అంకెలు అచ్చులో పోసినట్టున్నాయి.

హ్యాండ్ టైమింగ్ సంగతి కొంచెం చెప్పాలి. పైన స్టార్ట్‌లో ఒక చిన్న కర్ర అడ్డంగా ఉంటుంది, దిగేవాళ్ళ కాలు దాన్ని తోయగానే గడియారం మొదలవుతుంది. కింద ఫినిష్‌లో రెండు స్తంభాల మధ్య కంటికి కనిపించని కిరణం ఉంటుంది, అది తెగగానే ఆగుతుంది. సెకనులో వందో వంతు వరకు లెక్క. ఈ ఎలక్ట్రానిక్ టైమ్ పోతే ఆధారంగా ఉండాలని పైన ఒకరు, కింద ఒకరు ఒకే సమయం చూపే చేతి గడియారాలతో నిలబడి, ప్రతి బిబ్‌కి బటన్ నొక్కి, వచ్చిన అంకె రాస్తూ ఉంటారు. యంత్రం ఒకరి టైమ్ పట్టుకోలేకపోతే, వాళ్ళ ముందు దిగిన పది మందికి చేతి టైమ్‌కీ యంత్రం టైమ్‌కీ ఉన్న తేడా సగటు కట్టి, ఆ మేరకు చేతి టైమ్‌ని సరిచేస్తాం. మనిషి వేలు కొంచెం ఆలస్యమైనా ఫరవాలేదు, ఎప్పుడూ ఒకే తీరుగా ఆలస్యమైతే చాలు. శ్రీధర్ వేలు అలాంటిది.

ఆ శనివారం పొద్దున ఆరున్నరకి ఫినిష్‌లో చేతి గడియారం పట్టవలసిన మనిషి జ్వరమని ఫోన్ చేశాడు. అదే సమయానికి శ్రీధర్ కూతురి బిబ్ తీసుకోవడానికి నా కిటికీ దగ్గరికి వచ్చాడు. కూతురు మేఘన, పదమూడేళ్ళు, బిబ్ నలభై ఒకటి. నేను పనుల జాబితాలో పేరు కొట్టేసి శ్రీధర్ పేరు రాశాను.

అతను వెంటనే ఒప్పుకోలేదు. "మేడమ్, ఇయ్యాల మా బిడ్డ రేసే కదా. నేను ఫినిష్‌ల ఉంటే ఓకేనా?"

"రూల్‌లో ఎక్కడా వద్దని లేదు. చేతిలో పని ఉంటే మీకు టెన్షన్ కూడా తగ్గుతుంది," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. నా దగ్గర మనిషి లేడు, ఎదురుగా మంచి మనిషి ఉన్నాడు, అంతే.

మొదటి రన్ సాఫీగా జరిగింది. శ్రీధర్ అందరి టైమ్‌తోపాటు తన కూతురి టైమ్ కూడా సరిగ్గా నొక్కాడు. మేఘన తొమ్మిదో స్థానంలో ఉంది. టైమింగ్ చీఫ్ వాల్టర్ మధ్యాహ్నం శ్రీధర్ షీటు నాకు చూపించి, ఇలాంటివాడు ఇంకొకడు దొరికితే నేను రిటైరవుతానన్నాడు. వాల్టర్ ఫోన్ కంపెనీలో లైన్‌మన్‌గా పనిచేసి వచ్చిన పెద్దమనిషి. పొగడ్తలు ఊరికే వాడడు.

రెండో రన్‌లో మొదటి ముప్పై మందే దిగుతారు, అదీ తలకిందుల వరసలో. ముప్పయ్యో స్థానంలో ఉన్నవాళ్ళు ముందు, మొదటి స్థానం వాళ్ళు చివర. కాబట్టి మేఘన ఇరవై రెండోదిగా దిగాలి. ఆమె ముందు దిగిన అమ్మాయి ఫినిష్ గీత దాటాక అదుపు తప్పి పడి, జారుకుంటూ వెళ్ళి కిరణం ఉన్న స్తంభాన్ని తన్నింది. అమ్మాయికి దెబ్బ తగల్లేదు, లేచి నిలబడింది. స్తంభం మాత్రం పక్కకి ఒరిగింది. వాల్టర్ రేడియోలో స్టార్ట్ ఆపమని అరిచాడు. పైనుంచి జవాబు వచ్చింది: నలభై ఒకటి ఇప్పుడే బయలుదేరింది.

నేను ఫినిష్ పక్కనే ఉన్న గదిలో రేడియో వింటున్నాను. అలాంటప్పుడు రెండు దారులు. పసుపు జెండా ఊపి దిగుతున్న మనిషిని ఆపేయడం ఒకటి. అలా ఆపితే మళ్ళీ దిగే హక్కు ఆమెకి వస్తుంది. దిగనిచ్చి చేతి టైమ్ వాడుకోవడం రెండోది. వాల్టర్ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. రానివ్వండి, హ్యాండ్ టైమ్ ఉంది అన్నాడు. ఆ నిర్ణయం సరైనదే. బాగా దిగుతున్న పిల్లని మధ్యలో ఆపడం ఎవరికీ ఇష్టం ఉండదు. పైగా ఫినిష్‌లో ఉన్నది శ్రీధర్.

మేఘన వచ్చింది. కంచె దగ్గర జనం కేకలు వేశారు. నేను బయటికి వచ్చేసరికి ఆమె ఫినిష్ ఆవరణలో ఆగి బోర్డు వైపు చూస్తోంది. బోర్డు మీద ఏమీ లేదు. వాల్టర్ స్తంభం సరిచేస్తూ శ్రీధర్‌ని కేకేసి టైమ్ అడిగాడు. శ్రీధర్ షీటునే చూస్తున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి షీటు చూశాను. నలభై ఒకటి పక్కన గడి ఖాళీగా ఉంది.

"ఏమైంది శ్రీధర్ గారూ?"

"నొక్కలే మేడమ్. లాస్ట్ గేట్ల జరంత స్లిప్ అయింది. పడ్తదేమో అనుకున్న. బిడ్డనే చూస్కుంట నిలబడిపోయిన. లైన్ దాటినంక యాదికొచ్చింది."

ఆ గడియారం ఇంకా అతని చేతిలోనే ఉంది. బొటనవేలు బటన్ మీదే ఉంది.

ఇంతలో మా క్లబ్బు ముఖ్య కోచ్ స్కాట్ వచ్చాడు. మంచి కోచ్, పిల్లలంటే ప్రాణం. కొండ సగంలో నిలబడి తన స్టాప్‌వాచ్‌తో అతను కూడా టైమ్ చూసుకుంటాడు, కోచ్‌లందరూ చూసుకుంటారు. అతను గొంతు తగ్గించి, తన వాచ్‌లో మేఘన టైమ్ ఉందని, దాన్ని శ్రీధర్ షీటులో ఎక్కించమని అన్నాడు. అది అబద్ధపు అంకె కాదు, నిజంగా కొలిచిందే, కాకపోతే వేరే చేతిలో ఉంది అన్నాడు. వాచ్ చూపించాడు. ఆ లెక్కన అప్పటికి దిగినవాళ్ళందరికంటే మేఘన ముందుంటుంది, మొదటి పదిలో చోటు ఖాయం.

స్కాట్ మాటలో ఆశ పెట్టే గుణం ఉంది, ఒప్పుకుంటాను. పిల్ల బాగా దిగిందని అందరూ చూశారు. షీటులో ఒక అంకె పడితే గొడవ ఉండదు, నా జాబితా గురించి ఎవరూ అడగరు. కానీ కోచ్ గడియారం స్టార్ట్ గడియారంతో కలిపింది కాదు. కొండ మధ్యలోంచి కంటితో చూసి నొక్కింది. అలాంటిది లెక్కలోకి రాదు. నేను ఆ మాట చెప్పేలోపే శ్రీధర్ పెన్సిల్ నా చేతికిచ్చేశాడు.

"అది నేను నొక్కిన టైమ్ కాదు మేడమ్. నా షీట్ల అది ఉండొద్దు."

కంచె దగ్గర ఒకాయన ఫోన్‌లో వీడియో తీశానని చెయ్యెత్తాడు. అది కూడా లెక్కలోకి రాదని చెప్పి, నేను టెక్నికల్ డెలిగేట్ దగ్గరికి వెళ్ళాను. రూల్స్ విషయంలో చివరి మాట ఈ అధికారిదే. ఆతిథ్య క్లబ్బుకి సంబంధం లేని మనిషిని బయటినుంచి పంపుతారు. ఆ రోజు వచ్చినావిడ పేరు మార్గరెట్, స్కూల్ ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరైంది. ఆమె, రిఫరీ, మా రేస్ చీఫ్, ఈ ముగ్గురూ కలిసి జ్యూరీ.

మూడు సంగతులు చెప్పాను. కిరణం టైమ్ పట్టలేదు. చేతి షీటు ఖాళీ. ఫినిష్ గడియారం పట్టుకున్నది ఆ అమ్మాయి తండ్రి, అతన్ని అక్కడ పెట్టింది నేను.

మూడోది నేను అడగలేదే అంది మార్గరెట్.

మీ రిపోర్టులో ఉండాలి కనుక చెప్పానన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి నోట్‌బుక్‌లో రాసుకుంది. జ్యూరీ రెండు నిమిషాలు మాట్లాడుకుని మేఘనకి రీరన్ ఇచ్చింది. మిగిలిన ఎనిమిది మంది దిగాక ఆఖరున ఆమె మళ్ళీ దిగాలి. న్యాయమే, కానీ సమానం కాదు. అప్పటికి గేట్ల చుట్టూ మంచులో లోతుగా గాడులు పడి ఉంటాయి. పిల్ల కాళ్ళలో ఒక పూర్తి రన్ అలసట ఉంటుంది.

మేఘనకి చెప్పడానికి నేనే వెళ్ళాను. బూట్ల బకిల్స్ వదులు చేసుకుని, నీళ్ళు తాగుతూ బోర్డునే చూస్తోంది.

"ఆంటీ, నా టైమ్ ఎందుకు రాలేదు?"

"కిరణం ఉన్న స్తంభం పక్కకి పోయిందమ్మా. చేతి టైమ్ కూడా లేదు. నువ్వు మళ్ళీ దిగాలి."

"హ్యాండ్ టైమ్ ఎందుకు లేదు? డాడీ ఉన్నాడు కదా అక్కడ."

"నిన్ను చూస్తూ నొక్కడం మర్చిపోయారు."

ఆమె ముఖం ఎర్రబడింది. తండ్రి నిలబడ్డ వైపు తలతిప్పింది, మళ్ళీ తిప్పేసుకుంది. "బటన్ ప్రెస్ చేయడమే కదా ఆంటీ. దట్స్ ఇట్. అది బెస్ట్ రన్ నాది, ఐ నో ఇట్."

"తెలుసు. అందరూ చూశారు. కానీ రాయడానికి అంకె లేదు. ఆయన్ని అక్కడ పెట్టింది నేను, కోపం ఉంటే నా మీద పడు. అదంతా తర్వాత. ఇప్పుడు నీకు పదిహేను నిమిషాలున్నాయి."

"పదిహేనా? లిఫ్ట్‌కే ఎయిట్ మినిట్స్ పోతాయి," అని వంగి బకిల్స్ బిగించుకోవడం మొదలుపెట్టింది. అలాంటి పిల్లకి ధైర్యం చెప్పనక్కర్లేదు. లిఫ్ట్ దగ్గర వరసలో నిలబడకుండా ముందుకు పంపమని రేడియోలో చెప్పాను.

వెనక్కి వచ్చి శ్రీధర్ చేతిలోంచి గడియారం తీసుకున్నాను. అతను తనని శిక్షిస్తున్నానని అనుకున్నట్టున్నాడు.

"సారీ మేడమ్. ఈసారి పక్కా నొక్కుత."

"నాకు తెలుసు మీరు నొక్కుతారని. కానీ ఇప్పుడు మీ చోటు ఇది కాదు. కంచె దగ్గరికి వెళ్ళి మీ అమ్మాయిని చూడండి. గడియారం నేను పట్టుకుంటాను."

అతను గ్లవ్స్ తీసి కళ్ళు తుడుచుకుని, కంచె దగ్గరికి వెళ్ళాడు.

ఎనిమిది మందికీ నేనే నొక్కాను. ఆ పని నేర్చుకుని ఉన్నాను కాని, చలిలో నిలబడి చేయడం తక్కువ. తర్వాత రేడియోలో నలభై ఒకటి అన్నారు. ఒక నిమిషానికి జనం అరుపులు మొదలయ్యాయి. కిరణం ఈసారి పనిచేస్తోందని తెలుసు. అయినా నేను కొండ వైపు చూడలేదు. మంచు మీద గీసిన ఎర్ర గీతనే చూశాను. బూటు దానిని దాటింది, నొక్కాను, రాశాను. మేఘన ఆ రన్ ఎలా దిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. తలెత్తి బోర్డు చూస్తేనే ఫలితం తెలిసింది.

పదకొండో స్థానం. పదో స్థానంలో ఉన్న అమ్మాయికంటే సెకనులో వందో వంతులు ఏడు మాత్రమే వెనక. ఆ అమ్మాయి ఇంకో క్లబ్బు పిల్ల, తన రెండు రన్‌లూ శుభ్రంగా దిగింది. ఆమె తల్లి ఏడుస్తూ కౌగిలించుకుంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

సాయంత్రం బిబ్ వాపసు ఇవ్వడానికి తండ్రీకూతుళ్ళు కిటికీ దగ్గరికి వచ్చారు. మేఘన కళ్ళు ఉబ్బి ఉన్నాయి, కోపం మాత్రం దిగింది. "డాడీ, నెక్స్ట్ టైమ్ మీరు పార్కింగ్ డ్యూటీ తీస్కోండి," అని కార్ వైపు వెళ్ళిపోయింది.

శ్రీధర్ ఆగాడు. "స్కాట్ వాచ్ టైమ్ రాస్తే నా బిడ్డ పోయేది కదా మేడమ్?"

"పోయేది."

"రాయనందుకు నాకు బాధ లేదు. నొక్కనందుకే ఉంది."

"మిమ్మల్ని నిలబెట్టింది నేను. మీరు అడిగారు కూడా, నేనే వినలేదు. అందులో పెద్ద వాటా నాది, మీరు మొత్తం మోయకండి," అన్నాను. అతను తలూపి వెళ్ళాడు. మార్గరెట్ రిపోర్టు మీద నా సంతకం కూడా పడింది. చదివే పెట్టాను.

వసంతంలో రాష్ట్ర కౌన్సిల్ సమావేశంలో ఆ రిపోర్టు చదివారు. నన్ను లేపి అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పి, ఒక నియమం రాసుకెళ్ళాను, అది ముందు పెట్టాను: ఎవరి పిల్లలు దిగుతుంటే వాళ్ళు ఆ తరగతి ఫినిష్ గడియారం పట్టకూడదు, ఫినిష్‌లో చేతి గడియారాలు రెండు ఉండాలి. మనుషులు ఎక్కడినుంచి తేవాలి అని కొందరు గొణిగారు. ఏ పొద్దున అయినా సరే, తండ్రిని కాకుండా ఇంకొకరిని వెతకడం నా పని అన్నాను. ఒప్పుకున్నారు. మాతో మొదలై ఆ పద్ధతి పక్క క్లబ్బులకూ వెళ్ళింది.

శ్రీధర్ మరుసటి సీజన్‌లో మళ్ళీ హ్యాండ్ టైమింగ్ అడిగాడు. బాలుర రేసుల్లో పెట్టాను. మూడేళ్ళ తర్వాత వాల్టర్ తప్పుకున్నప్పుడు టైమింగ్ చీఫ్ అయ్యాడు. మేఘన పై తరగతిలో ఒక ఏడాది ప్రాంతీయ పోటీలకు వెళ్ళింది, ఇంకో ఏడాది వెళ్ళలేదు. ఇప్పుడు కాలేజీ క్లబ్బు జట్టులో దిగుతోందని విన్నాను. ఈ ఆటలో చేరినవాళ్ళలో చాలామంది దారి అంతే. ఎక్కుతారు, దిగుతారు, ఉంటారు.

నేను ఆ తర్వాత ఏడు సీజన్లు పనిచేసి రిటైరయ్యాను. పనుల జాబితా రాసేటప్పుడు మనిషికి పని వచ్చా రాదా అని మాత్రమే చూసేదాన్ని. ఆ శనివారం తర్వాత ఇంకో ప్రశ్న కూడా వేసుకున్నాను: పని ముంచుకొచ్చిన ఆ ఒక్క సెకనులో ఈ మనిషి దేన్ని చూస్తూ ఉంటాడు? దానికి జవాబు దొరకని గడి ఉంటే, రేసు అరగంట ఆలస్యంగా మొదలైనా సరే, ఖాళీగానే ఉంచి మనిషిని వెతికేదాన్ని.